ఎడమవైపు నిలువు చెక్క

మే 10, 1997, శనివారం

ఒక ఉదయం గుర్తొస్తోంది. అందులో విశేషమేమీ లేదు. అందుకే రాసుకోవాలనిపిస్తోంది.

1955 మే నెల. నాకు పదకొండేళ్లు. అదీ శనివారమే. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. నాన్న పక్కలకు మేపుల్ చెక్క బిగించిన మా స్టేషన్ వేగన్ బండిని షెడ్డులోంచి తోసుకొచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఒంటి మీద బనీను తప్ప ఏమీ లేదు, చలి ఆయనకు పట్టేది కాదు. చిన్న చెక్కముక్కకు ఉప్పుకాగితం చుట్టి తలుపుల చట్రాన్ని రుద్దుతున్నారు. ఎప్పుడూ చెక్క చార వెంటే, అడ్డంగా కాదు. పక్కగదిలో ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది ఆ చప్పుడు. ముంజేతుల వెంట్రుకల మీద పొడి పిండిలా పేరుకుంది. తడిగుడ్డతో తుడవడం నా పని. తరవాత పొడిగుడ్డతో తుడవడమూ నా పనే. ఏడేళ్ల తమ్ముడు లియాండర్ పని లోపల కూర్చుని స్టీరింగు తిప్పుతూ నోటితో ఇంజను మోత పెట్టడం. అమ్మ మెట్ల మీదికి గోధుమ అట్లూ మేపుల్ పాకమూ తెచ్చింది. చెల్లి కోలెట్ అప్పటికి అమ్మ కడుపులో ఉంది. "ఎక్కేదీ ఆ చెట్టే, తినేదీ ఆ చెట్టే" అంది అమ్మ, ప్రతి ఏడూ అన్నట్టే.

ఎదురింటి లిండ్‌క్విస్ట్ తన గేటు మీద మోచేతులు ఆనించి అరిచాడు.

"ఏం ఒనెసిమ్, బీరువాకి పాలిష్ పెడుతున్నావా? మరి బట్టలెక్కడ పెట్టుకుంటారు?"

"నీకూ ఒక అర ఖాళీ ఉంచాలే. చలికాలం నీ పెళ్లాం గెంటేస్తే వచ్చి పడుకో."

ఊళ్లో మా బండిని అందరూ బీరువా అనేవాళ్లు. నాన్నకు కోపం వచ్చేది కాదు. బీరువా చేయడం కంటే బండికి చెక్క చేయడం కష్టమని ఆయనకు తెలుసు. మిల్లులో ఆ చెక్కలు కోసినవాళ్లలో ఆయనొకరు.

తుడవడం అయ్యాక నన్ను పిలిచి, తలుపు పక్కన నిలువు చెక్క మీద చెంప ఆనించమన్నారు.

"చెయ్యి సర్దుకుపోతుంది. చెంప సర్దుకోదు. చల్లగా ఉందా?"

"ఉంది."

"అయితే ఇంకా లోపల నీళ్లున్నాయి. వార్నిష్ ఇవాళ కాదు."

నేను ఏడ్చినంత పని చేశాను. మెరుపు ఆ రోజే చూడాలని నాకు ఆశ. మర్నాడు ఆదివారం, పని చేయకూడదు. సోమవారం దాకా ఆగాం. అంతే, ఆ ఉదయం.

ఇవాళ నేనే బండిని బయటికి తీశాను. నాన్న కళ్లు మసకబారిన ఈ ఆరేళ్లుగా ఏటా నేనే తీస్తున్నాను. నాన్న మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనభై ఒకటి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడదు, చెవుల పక్కనున్నవే కనబడతాయి.

ఎడమవైపు, ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య నిలువు చెక్క అడుగున నల్లటి మచ్చ ఒకటి ఉంది. అర డాలరు నాణెమంత. మేకు తుప్పు అయ్యుంటుంది. మేపుల్ తెల్లటి చెక్క, ఇనుము తగిలితే నల్లబడుతుంది.

మే 11, ఆదివారం

అమ్మ సమాధి మీద లిలాక్ పూలు పెట్టి వచ్చాం. దారిలో నాన్న అడిగారు, "బండి మొదలుపెట్టావా?"

"పెట్టాను."

"ఎలా ఉంది?"

"బాగుంది."

మే 17

మేకు తుప్పే.

మే 24

ఉప్పుకాగితంతో రుద్దేకొద్దీ మచ్చ చిన్నది కావాలి. పెద్దదవుతోంది. ఇవాళ అరచేతిలో సగం ఉంది.

కిందటి ఏడు మే నెల ఇలా ఎండగా లేదు. పదహారు రోజులు ఎడతెగని వాన. ఆ నెలలో పని కుదరక జూలై దాకా జరిగింది, జూలైలోనూ వాన. నాన్న గుండె ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వారం. చర్చిలో ఏటా జరిగే బళ్ల ఆశీర్వాదానికి మూడే రోజులు. షెడ్డు తలుపులు రెండూ తీసి పెట్టి వార్నిష్ వేశాను. అప్పుడు చెంప ఆనించి చూశానా? గుర్తు లేదు.

జూన్ 1, ఆదివారం

పూజ అయ్యాక ఫాదర్ కెస్లర్ మాతో ఇంటిదాకా వచ్చారు. కాఫీ తాగారు. ఈ నెలలో ఎవరింటికి వెళ్లినా ఆయన ఏదో ఒకటి అడగడానికే వస్తారు.

"ఒనెసిమ్, పునీత క్రిస్టఫర్ పండక్కి ఈసారి అన్నిటికంటే ముందు మీ బండే ఉండాలి. మీరు ముందు సీట్లో కూర్చోవాలి. ఆశీర్వాదం మీతో మొదలుపెడతాను. నలభై నాలుగేళ్లుగా ఏ ఏడూ తప్పకుండా వచ్చిన బండి ఊళ్లో ఇదొక్కటే."

"బీరువాని ముందు పెడితే వెనక వాళ్లకి దారి కనబడదు ఫాదర్" అన్నారు నాన్న. కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఫాదర్ వెళ్లాక, తన నీలం కోటు ఇస్త్రీ చేయించమన్నారు. పండగ జూలై ఇరవై ఏడున.

జూన్ 7, శనివారం

చర్చి హాలుకు కేకులు దించి రావడానికి బండిలో వెళ్లాను. పెట్రోలు బంకులో ఒకాయన, ఇల్లినాయి నెంబరు ప్లేటు, అడగకుండానే వచ్చి తలుపు మీద అరచేయి పెట్టాడు. డెబ్బై ఉంటాయి. వాళ్ల అమ్మమ్మకు ఇలాంటిదే ఉండేదట. ఎండలో నిలబెడితే లోపల వార్నిష్ వాసనా తడి కుక్క వాసనా కలిసి వచ్చేవట. డిక్కీ తలుపు కిందికి దించి, దాని మీద వరసగా కూర్చుని పుచ్చకాయలు తినేవాళ్లట, గింజలు రోడ్డు మీదికి ఊసేవాళ్లట. ఆ కుక్క పేరు కూడా చెప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు. నా పేరు మాత్రం అడగలేదు.

ఎప్పుడూ ఇంతే. ఈ బండి దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ తమ సంగతే చెబుతారు. నేను వింటాను. అదీ ఒక సేవే.

ఇంటికొచ్చి ఎడమవైపు వెనక సీటు తలుపు వేస్తుంటే చప్పుడు తేడాగా ఉంది. 'టక్' మనాల్సింది, మెత్తగా పడింది. తలుపు కొద్దిగా కిందికి వేలాడుతోంది. ఆ తలుపు కీళ్లు బిగించినది ఆ నిలువు చెక్కకే.

జూన్ 10

గ్రీన్ బే నుంచి కోలెట్ ఫోన్ చేసింది. నర్సు కదా, డాక్టర్ల మాట మాకంటే ముందు దానికి తెలుస్తుంది. "అక్కా, ఆ రిపోర్టు చూశాను. గుండె సగం పని చెయ్యడం లేదు. ఈ పండగే ఆఖరిది కావచ్చు. బండి బాగా ముస్తాబు చెయ్యి. నేను సెలవు పెట్టి వస్తాను."

"అలాగే" అన్నాను.

"నీతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టే అక్కా. గోడ మంచిదే అనుకో."

జూన్ 14, శనివారం

దబ్బనం పెట్టి చూశాను. మచ్చ మధ్యలో. వెన్నలోకి దిగినట్టు దిగింది.

వార్నిష్ పైన అద్దంలా ఉంది. లోపల చెక్క తడి పొట్టు. తడి లోపలే ఉండిపోయింది, బయటికి దారి లేకుండా నేనే మూసేశాను.

గుర్తు లేదని రాశాను. గుర్తుంది. చెంప ఆనించాను. చల్లగా ఉంది. బాగా చల్లగా ఉంది. వార్నిష్ డబ్బా మూత తీశాను.

జూన్ 15

ఇవాళ తండ్రుల దినం. నాన్నకు ఇష్టమని లోపల మాంసం కూరి కాల్చే రొట్టె చేశాను. లియాండర్ వచ్చాడు. ఇంకేమీ రాయను.

జూన్ 21

నాన్నకు చెప్పాలి. ఎలా చెప్పాలో జపమాల చెప్పుకుంటూ ఆలోచించాను. ఐదు ధ్యాన గుర్తులూ అయిపోయాయి. ఏ గుర్తు మీద ఏం ధ్యానించానో తెలియదు.

ఆ చెక్క నాన్న స్వయంగా కోసినది. అలా అంటారు. పండగ ముందురోజు ఆయన బండి చుట్టూ తిరిగి చేత్తో చూస్తారు, కళ్లు బాగున్నప్పుడూ అంతే. ముందు ఎడమ తలుపు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తారు. ప్రతి ముక్క మీదా వేళ్లు నడిపించి దాన్ని మిల్లులో ఎవరు కోశారో చెబుతారు. ఇది టోయివో. ఇది నేను. ఇది ఆ తాగుబోతు పెల్కీ, కానీ సోమవారం కోసింది కాదులే. ఇది మళ్లీ నేను. నిజమో కాదో మాకు తెలియదు. అందరం నిలబడి వింటాం. గంట పడుతుంది.

ఈ చెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయనకు తెలుస్తుంది.

ఆ గుండెతో.

జూన్ 28, శనివారం

పుచ్చినదంతా ఉలితో గీరి తీసేశాను. పిడికెడు పట్టే గొయ్యి పడింది. లప్పం కొట్టాను. ఇది మోసం కాదు, మరమ్మతు. గోడలకు కొట్టడం లేదూ.

జూలై 3

లప్పం ఎండింది. కానీ గచ్చులా తెల్లగా ఉంది. చుట్టూ తేనె రంగు చెక్క, మధ్యలో తెల్లటి కట్టు కట్టినట్టు.

జూలై 5, శనివారం

చర్చిలో ఈస్టరు కొవ్వొత్తి మీద ముద్రలు వేసేది నేనే, ఇరవై ఏళ్లుగా. సన్న కుంచెలు ఇంట్లోనే ఉన్నాయి.

ముందు తేనె రంగు. దాని మీద చారలు. పక్క చెక్కలో చార ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి కలిపాను. మేపుల్ చార తిన్నగా పోదు, ఊపిరి తీసుకున్నట్టు కాస్త వెడల్పయి మళ్లీ సన్నబడుతుంది. ఒకచోట కణుపులా చిన్న కన్ను కూడా వేశాను. నాలుగు గంటలు పట్టింది. నడుము పట్టేసింది. ఆకలి తెలియలేదు.

బాగా వచ్చింది. నాకు నేను రాసుకుంటున్నది కాబట్టి రాస్తున్నాను. చాలా బాగా వచ్చింది.

పైన వార్నిష్. రెండు పూతలు.

జూలై 9

లియాండర్ వచ్చాడు. కావాలనే బండి దగ్గరికి తీసుకెళ్లి, ఎడమవైపు నిలబెట్టి, పక్క రోడ్డు మీద కొత్తగా తవ్విన గుంతల గురించి మాట్లాడించాను. మోకాళ్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకున్నాడు, ముఖం ఆ చెక్కకు జానెడు దూరంలో. ఏమీ అనలేదు.

లోపలికి వచ్చాక నాన్న వాణ్ని ఏడిపించారు. వాడిదీ స్టేషన్ వేగనే, పదేళ్లనాటిది. దాని తలుపుల మీద చెక్క ఉండదు, చెక్క బొమ్మ ఉన్న ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది.

"లియాండర్, నీ అడవి ఎలా ఉంది? ఆకులు రాలాయా?"

"అంచు దగ్గర కొంచెం లేచింది నాన్నా. జిగురు పెట్టి నొక్కాను."

"జిగురు పెట్టి నొక్కాడట! చెట్టుకి జిగురు పెట్టి నొక్కాడట డెల్ఫిన్!" నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. వీపు నిమిరాను. నాన్న ఆ బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు. వర్షంలో నడిచి వచ్చారు కానీ ఎక్కలేదు.

నేనూ నవ్వాను. తరవాత అంట్లు తోముతూ అర్థమైంది నేను దేనికి నవ్వానో.

జూలై 12, శనివారం

పాపసంకీర్తనానికి వెళ్లాను. ఓర్పు తప్పానని చెప్పాను. జపంలో పరాకని చెప్పాను. ఫాదర్ కెస్లర్ "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. లేదన్నాను.

ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు ఇచ్చారు. పది చెప్పుకున్నాను.

జూలై 20

నాన్న నీలం కోటు ఇస్త్రీ అయి వచ్చింది. తొడిగి చూసుకున్నారు. భుజాల దగ్గర వదులైంది. "కోటు పెరిగింది" అన్నారు.

జూలై 25, శుక్రవారం

రేపే.

జూలై 26, శనివారం

భోజనాలయ్యాయి. ఇంకా వెలుతురుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

కోలెట్ పొద్దున పదింటికి దిగింది. లియాండర్ అంతకుముందే వచ్చి షెడ్డు తలుపులు తీసి బండిని వాకిట్లో పెట్టాడు. ఎండ మీద పడగానే వార్నిష్ వాసన లేచింది. కోలెట్ కళ్లు మూసుకుని పీల్చి "అబ్బ, నాకు ఆరేళ్లు ఇప్పుడు" అంది.

"బుద్ధికి ఎప్పుడూ అంతే కదా" అన్నాడు లియాండర్.

నాన్న మొదలుపెట్టారు. నేను పక్కనే నడిచాను, తట్టుకుని పడకుండా. ఎడమ ముందు తలుపు. "టోయివో. వాడి అంచులు ఎప్పుడూ ఒక వెంట్రుక ఎక్కువ గుండ్రంగా ఉంటాయి, వాడి పొట్టలాగే." కింది అడ్డ చెక్క. "ఇది నేను."

నేనొక మాట అనుకున్నాను, పునీత జోజప్పా, నువ్వూ వడ్రంగివే, ఆయన వేళ్లని ఇక్కడ కాస్త తొందరగా నడిపించు అని. అలాంటి ప్రార్థన చేశాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నిలువు చెక్క. పై నుంచి వేళ్లు దిగాయి. నడుము దాకా బాగానే దిగాయి. అక్కడ ఆగాయి. వెనక్కి వెళ్లాయి. మళ్లీ దిగాయి. గోరుతో మెల్లగా తట్టారు. పైన తట్టారు, కింద తట్టారు.

"ఇదెవరు?" అన్నారు.

ఏటా ఆయన చెప్పడమే తప్ప ఎవరినీ అడగలేదు.

"అది నువ్వే కదా నాన్నా" అంది కోలెట్. "ఎప్పుడూ నువ్వే అంటావుగా."

"నేను కాదు. టోయివో కాదు. పెల్కీ తాగి కోసినా ఇలా ఉండదు. ఇది చెక్కే కాదు. ఎవరిది?"

"నాది" అన్నాను. "నేనే నాన్నా."

ఆయన ముఖం నావైపు తిప్పలేదు. ఆయనకు ఎదురుగా ఉన్నది కనబడదు కాబట్టి తిప్పనక్కర్లేదు. లియాండర్ని పిలిచి స్క్రూడ్రైవరు తెమ్మన్నారు. పొడవమన్నారు. లియాండర్ నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. లప్పం పెచ్చుగా ఊడింది. దాని వెనక, నేను గీరి వదిలిన చోటుకు పైన, స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. నేను తీసింది సగమే. మిగతా సగం ఈ నాలుగు వారాల్లో పైకి పాకింది.

కోలెట్ ఏడుపు మొదలుపెట్టింది. నాన్న ఇద్దర్నీ లోపలికి వెళ్లమన్నారు. స్టూలు తెచ్చి వేశాను. కూర్చున్నారు. చెయ్యి ఆ చెక్క మీంచి తీయలేదు.

"కిందటేడేనా?"

"అవును."

"వానల్లో."

"అవును."

"చెంప పెట్టావా?"

"పెట్టాను."

"చల్లగా ఉందా?"

"ఉంది నాన్నా."

ఎదురింట్లో ఇప్పుడు లిండ్‌క్విస్ట్ మనవలుంటున్నారు, వాళ్ల గడ్డి కోసే మిషను ఆగేదాకా ఆగారు.

"నేను అప్పుడు మంచం మీంచి 'అయిందా, అయిందా' అని అడుగుతూనే ఉన్నాను కదూ?"

"అడిగారు."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"నువ్వు లెక్కపెట్టవు. కోలెట్ అయితే పెట్టేది." చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నారు. "పుచ్చు నువ్వు చెయ్యలేదు. వాన చేసింది, నా తొందర చేసింది. అది వదిలెయ్. ఈ రంగు మాత్రం నువ్వు వేశావు. నాకు కళ్లు పోయాయి కదా అని వేశావు."

"అవును" అన్నాను.

యాభై మూడేళ్లలో ఆయన నాతో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. క్షమించమని అడిగాను. ఆయన చెయ్యి నా తల మీదికి వచ్చింది, జుట్టు మీద, నుదుటి మీద, చెక్క మీద నడిచినట్టే నడిచింది. "జుట్టు పలచబడింది నీకు" అన్నారు. "లే. మోకాళ్లు నొప్పెడతాయి."

మధ్యాహ్నం నిద్రపోయారు. మేం ముగ్గురం నిద్రపోలేదు. కోలెట్ మాంసం, దుంపలు కూరిన పాస్టీలు చేసింది, పిండి మీద కోపం చూపిస్తూ.

సాయంత్రం అందరం వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. లియాండర్ ముందు మొదలుపెట్టాడు.

"చర్చి ఇక్కడికి మైలు. ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగిస్తాను. తలుపు తాడుతో కట్టేద్దాం. నేను పక్కనే నడుస్తాను, ఊడితే పట్టుకుంటా."

"ఊడితే పట్టుకుంటావా? నా పెళ్లి కేకు పట్టుకున్నట్టా?" అంది కోలెట్.

"ఆ మెట్టు అక్కడుందని ఎవరూ చెప్పలేదు."

"అక్కా, అసలు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే! దక్షిణాన ఎవరో ఉన్నారట, ఇలాంటి బళ్లకి చెక్క మొత్తం విప్పేసి కొత్తది వేసిస్తారట. జూన్‌లో పంపి ఉంటే ఈపాటికి వచ్చేది."

"మొత్తం కొత్తదైతే అది నాన్న బండి ఎలా అవుతుంది?" అన్నాడు లియాండర్.

"ఊడిపోతే మాత్రం నాన్న బండా?"

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. "తప్పు నాది. మీరు ముగ్గురూ ఏది అంటే అది నేను..."

"డెల్ఫిన్" అన్నారు నాన్న. "పాపసంకీర్తనం చర్చిలో చేసుకో. ఇది వంటిల్లు."

చర్చిలో కూడా చేసుకోలేదని అప్పుడు చెప్పలేదు. రేపు పూజకు ముందు చేసుకుంటాను.

పాస్టీ సగం తిని పళ్లెం పక్కకు జరిపారు. "మీరు ముగ్గురూ ఆ బండిని దేవుడి పటం చూసినట్టు చూస్తున్నారు. నేను దాన్ని చేసినవాణ్ని. మిల్లులోంచి బండి బయటికెళ్లిన రోజే దానికి రెండో జత చెక్కలు కోసి అటక మీద పెట్టేవాళ్లం. ఎందుకనుకున్నారు? పుచ్చుతుందని మాకు తెలుసు. పుచ్చదని ఎవడన్నా అంటే వాడు చెక్క కోసినవాడు కాదు, అమ్మినవాడు. అంతా విప్పక్కర్లేదు, పట్టీ వెయ్యక్కర్లేదు. పాడైన ముక్క తీసి మంచి ముక్క పెట్టడమే."

"రేపటికి అవదుగా నాన్నా" అంది కోలెట్. "రేపే కదా ముఖ్యం. నువ్వు ముందు కూర్చోవాలని..."

"చచ్చిపోతానని భయమా? పోతాను. తలుపు ఊడే బండిలో కూర్చుని పోను."

లియాండర్ నవ్వాడు, ముందు. తరవాత కోలెట్, ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వు కొయ్యలేవు కదా" అంది అది. "చేతులు చూసుకో, కప్పు పట్టుకుంటే కాఫీ అంతా బల్ల మీదే."

"నా వంక చూడకండి" అన్నాడు లియాండర్. "నేను కోస్తే అది చర్చి బెంచీ అవుతుంది."

"నిన్నెవరు అడిగారు?" అన్నారు నాన్న. మిల్లు మూసేశాక పదేళ్లు శనివారం శనివారం వాడికి పని నేర్పడానికి కూర్చున్నారు. వాడికి ఆ చెయ్యి లేదు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని, గుడ్డ పట్టుకుని. "ఆ రంగు ఎలా ఉంది లియాండర్? నిజం చెప్పు."

"ఈ నెలలోనే దాని ముందు కూర్చుని బూటు తాడు కట్టుకున్నాను నాన్నా. జానెడు దూరం. ఇవాళ మీరు చెప్పేదాకా నాకు తెలియదు."

"డెల్ఫిన్, చారలు పై నుంచి కిందికి గీశావా, కింది నుంచి పైకా?"

"కింది నుంచి పైకి."

"ఎందుకు?"

"చెట్టు అలాగే పెరుగుతుంది కదా."

ఆయన బల్ల మీద గుడ్డ అంచును వేళ్లతో సరిచేశారు.

"యాభై ఏళ్లు నీ చేతికి తుడిచే గుడ్డ ఇచ్చాను" అన్నారు.

తరవాత వరసగా తేల్చేశారు. కోలెట్ ఒకటి రెండు చోట్ల అడ్డం వచ్చింది కానీ చివరికి అందరం సరే అన్నాం. మరిచిపోకుండా రాసి పెడుతున్నాను.

రేపు బండి కదలదు. ఫాదర్ కెస్లర్‌కు ఫోన్ చేసి చెప్పాను, అసలు కారణంతో సహా. ఆయన రేపు పది నిమిషాలు ముందు రమ్మన్నారు. మేమంతా లియాండర్ బండిలో వెళతాం, వరసలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడతాం. నాన్న ముందు సీట్లో, నీలం కోటుతో. కళ్లు మూసుకుని కూర్చుంటానన్నారు. కోలెట్ సెలవు ఇంకో వారం పొడిగిస్తుంది, మందులు అదే చూసుకుంటుంది. లియాండర్ సోమవారం తలుపు దించి, మా ఇంటి అటక మీది మేపుల్ పలక కిందికి తెస్తాడు. అది నాన్న 1966లో ఎండబెట్టడానికి పెట్టినదట. మాకెవరికీ తెలియదు.

నిలువు చెక్క కోసేది నేను. నాన్న పక్కన కూర్చుని చెబుతారు, ప్రతి కోతా చేత్తో చూస్తారు. ఎంత కాలం పడితే అంత. నాలుగైదు పలకలు పాడుచేస్తానని ముందే అన్నారు. ఒక్కటే ఉంది కదా నాన్నా అన్నాను. "అయితే పాడుచెయ్యకు" అన్నారు.

సోమవారం పొద్దున ఏడింటికి షెడ్డులోకి రావాలి. చేతులున్న చొక్కా వేసుకోకూడదు. మెళ్లో సిలువ గొలుసు తీసి జేబులో పెట్టుకోవాలి. ఉంగరం తీసెయ్యాలి, రంపం దగ్గర ఉంగరం ఉండకూడదు. నా భర్త రేమండ్ పోయిన ఎనిమిదేళ్లలో అది తీయలేదు. వేలు లావైంది. రేపు పూజ నుంచి వచ్చాక సబ్బు రాసి చూస్తాను.